మీకు తెలుసా? ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ ఎందుకు మడతపడుతుంది

కండరం అంటని ఎముక

చీలమండలో టేలస్ అనే ఎముక ఒకటుంది. పైనుంచి దిగే ఒంటి బరువంతా దాని నెత్తినే పడుతుంది. అయినా దానికి ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. దాని ఉపరితలంలో సుమారు 60 శాతాన్ని మృదులాస్థి కప్పేస్తుంది, మిగిలిన చోటును లిగమెంట్లు పట్టుకుంటాయి. కాబట్టి దాన్ని నిలబెట్టే భారమంతా చుట్టుపక్కల ఎముకలది, లిగమెంట్లది, దాన్ని అంటకుండా పక్కనుంచి దాటిపోయే టెండన్లది.

ఈ టేలస్ పైభాగం ముందువైపు వెడల్పు, వెనకవైపు సన్నం. పాదం ముందుభాగాన్ని పైకెత్తితే ఆ వెడల్పాటి వైపు కాలి ఎముకలు రెండింటి మధ్య చీల కొట్టినట్టు బిగుసుకుంటుంది. మునివేళ్ల మీదికి లేస్తే సన్నటి వైపు వచ్చి ఆ సందు కాస్త వదులవుతుంది. మెట్లు దిగుతూనో, ఎత్తుమడమల చెప్పులేసుకునో, ఎగిరి మునివేళ్ల మీద దిగుతూనో కాలు మడతేసుకునేవాళ్లు అంతమంది ఉండటానికి ఇదో ముఖ్య కారణం.

ఇప్పుడు మీ చీలమండకు రెండు పక్కలా ఉబ్బుగా తగిలే ఎముకల్ని తడిమి చూసుకోండి. బయటిది లోపలిదానికన్నా కాస్త కిందికి దిగి ఉంటుంది. పాదం బయటికి తిరగబోతే అది అడ్డుపడుతుంది. లోపలికి తిరగబోయినప్పుడు ఆపాల్సిన ఎముక మాత్రం అంత కిందికి లేదు. పైగా లోపలిపక్క లిగమెంటు మందంగా, విసనకర్రలా విచ్చుకుని గట్టిగా ఉంటే, బయటిపక్క ఉన్నవి మూడు విడివిడి పట్టీలు. వాటిలో ముందుదే అన్నిటికన్నా బలహీనం. పాదం లోపలికి మడతపడితే తెగేది మొదట అదే.

పదిమందిలో నలుగురు

కాలు బెణికితే మన ఇళ్లలో ఎవరూ పెద్దగా కంగారు పడరు. నాలుగు రోజులు పట్టేసి, వారానికి వాపు తగ్గి, పదో రోజుకు ఆఫీసుకో పొలానికో వెళ్లిపోతే తగ్గిపోయినట్టే లెక్క. కానీ మొదటిసారి బెణుకుతో ఆసుపత్రికి వచ్చినవాళ్లను ఏడాది పాటు గమనించిన ఒక అధ్యయనంలో 40 శాతం మందికి ఇబ్బంది మిగిలే ఉందని తేలింది. గతుకుల్లో అడుగేస్తే కాలు తప్పడం, మెట్ల మీద నమ్మకం లేకపోవడం, సాయంత్రానికి వాపు రావడం. దీన్నే వైద్యులు దీర్ఘకాలిక చీలమండ అస్థిరత అంటారు.

ఇది కొలవలేని సంగతేం కాదు. సిడ్నీ పరిశోధకులు 2006లో తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. మెట్లు దిగేటప్పుడు ఎలా ఉంటుంది, ఒంటికాలి మీద నిలబడితే ఎలా ఉంటుంది, గబుక్కున మలుపు తిరిగితే ఏమవుతుంది, ఎగుడుదిగుడు నేల మీద పరిగెత్తితే ఏమవుతుంది అని అడుగుతుంది. మొత్తం 30 మార్కులు. ఎంత తక్కువ వస్తే చీలమండ అంత పట్టు తప్పినట్టు. పరిశోధనల్లో 24 లేదా అంతకన్నా తక్కువ వచ్చినవాళ్లను అస్థిరత ఉన్నవాళ్లుగా లెక్కిస్తుంటారు.

లిగమెంటు వదులైన ప్రతివాళ్లకీ కాలు తప్పదు. కాలు తప్పే ప్రతివాళ్లకీ లిగమెంటు వదులుగా ఉండదు. స్కానింగు రిపోర్టు చూసి బెంబేలెత్తేవాళ్లు, అదే రిపోర్టు చూసి ధీమాగా ఉండేవాళ్లు ఇద్దరూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

1965లో ఒక లండన్ డాక్టరు

లిగమెంటు వదులవకుండానే కాలు ఎందుకు తప్పుతుంది? మైఖేల్ ఫ్రీమన్ అనే బ్రిటిష్ ఎముకల సర్జన్ ఈ చిక్కుముడి పట్టుకున్నాడు. తర్వాతి రోజుల్లో మోకాలి మార్పిడి ఆపరేషన్లకు ఆద్యుల్లో ఒకడిగా పేరుపడింది ఈయనే. 1965లో సహచరులతో కలిసి ప్రచురించిన వ్యాసంలో ఆయన చెప్పింది స్థూలంగా ఇదీ: లిగమెంటు అంటే ఉత్త కట్టుతాడు కాదు, దానిలో నరాల కొసలు ఉంటాయి. పాదం ఎటు వంగింది, ఎంత వంగింది అన్న కబురు అవే మెదడుకు పంపుతాయి. లిగమెంటు చినిగినప్పుడు ఆ నరాల కొసలూ దెబ్బతింటాయి. తాడు మళ్లీ అతుక్కుంటుంది కానీ కబురు సరిగా అందదు.

కళ్లు మూసుకున్నా మన కాలు ఎక్కడుందో మనకు తెలిసే ఈ ఇంద్రియానికి ప్రొప్రియోసెప్షన్ అని 1906లోనే పేరు పెట్టినవాడు చార్లెస్ షెరింగ్టన్. ఆయనకు 1932లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫ్రీమన్ కొత్తగా చేసిందల్లా ఆ ఇంద్రియాన్ని బెణుకు దగ్గరికి తీసుకురావడం. రోగిని ఒంటికాలి మీద నిలబెట్టి, ఊగే పలక ఎక్కించి, బ్యాలన్సు సాధన చేయించాడు. ఈనాడు ప్రతి ఫిజియోథెరపీ సెంటర్లోనూ ఒక మూల కనిపించే వాబుల్ బోర్డుకు ఆ ప్రతిష్ఠ తెచ్చిపెట్టినవాళ్లలో ఆయన ముందుంటాడు.

అయితే ఆయన సిద్ధాంతం యథాతథంగా నిలబడలేదు. తర్వాతి పరిశోధకులు చీలమండ లిగమెంట్లకు మత్తు ఇంజెక్షను ఇచ్చి, నరాల కొసల్ని కాసేపు మొద్దుబార్చి చూశారు. మనుషులు ఒంటికాలి మీద నిలబడటంలో పెద్ద తేడా రాలేదు! కబురు చర్మం నుంచీ, కండరాల నుంచీ, టెండన్ల నుంచీ కూడా అందుతోందన్నమాట. మరి లోపం ఎక్కడ? అనుమానం మెల్లగా మెదడు వైపు మళ్లింది.

దానికి రెండు విచిత్రమైన ఆధారాలున్నాయి. ఒక కాలు బెణికితే, ఏ దెబ్బా తగలని రెండో కాలి మీద నిలబడినా ఊగిసలాట పెరుగుతుంది. రెండోది, అస్థిరత ఉన్నవాళ్లు నిలబడటానికి కళ్ల మీద ఎక్కువ ఆధారపడతారు. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ బాగానే ఉంటారు, మూయగానే తూలిపోతారు. పాదం మాట మీద నమ్మకం పోయిన మెదడు కంటి మాట వినడం మొదలుపెట్టింది. కరెంటు పోయి ఇల్లంతా చీకటైనప్పుడు మెట్ల మీద వీళ్ల పరిస్థితి ఏమిటో చెప్పక్కర్లేదు.

సెకనులో 20వ వంతు

మడతపడబోతున్న పాదాన్ని వెనక్కి లాగాల్సినవి పిక్క బయటిపక్క ఉండే పెరోనియల్ కండరాలు. పాదం హఠాత్తుగా ఒరిగిన క్షణం నుంచి వాటిలో విద్యుత్ కదలిక మొదలవడానికి 50 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. అంటే సెకనులో దాదాపు 20వ వంతు. ఆ కండరం బిగిసి పాదాన్ని నిజంగా వెనక్కి తిప్పేసరికి ఇంకా వందకు పైగా మిల్లీసెకన్లు గడిచిపోతాయి. ఈలోపు లిగమెంటు చినగడం అయిపోతుంది.

మరి బ్యాలన్సు సాధన ఎందుకు పనిచేస్తుంది? ఎక్కువమంది ఒప్పుకునే జవాబు ఇది: సాధన చేసిన కాలు నేలను తాకకముందే కండరాల్ని బిగించి సిద్ధం చేసుకుంటుంది, పాదాన్ని సరైన కోణంలో దించుతుంది. పడబోయాక ఆపుకోవడం కాదు, పడేలా అడుగు వేయకపోవడం. ఇందుకే ఈ సాధన నాలుగు రోజుల్లో రాదు, వారాలు పడుతుంది.

ఎనిమిది వారాలు, ఇంట్లోనే

నెదర్లాండ్స్‌లో చీలమండ బెణికిన 522 మంది క్రీడాకారుల మీద జరిగిన పరీక్ష ఒకటి 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగంమంది మామూలు వైద్యం చేయించుకున్నారు. మిగతా సగంమంది దానికితోడు ఎనిమిది వారాల పాటు, వారానికి మూడుసార్లు, పూటకు అరగంట మించకుండా ఇంట్లో బ్యాలన్సు సాధన చేశారు. పక్కన ఫిజియోథెరపిస్టు ఎవరూ లేరు. ఏడాదిలో మళ్లీ బెణికించుకున్నవాళ్లు మొదటి జట్టులో 33 శాతం, సాధన చేసిన జట్టులో 22 శాతం. దాదాపు ఖర్చే లేని వైద్యానికి ఇంతకన్నా మంచి ఫలితం చూపించడం కష్టం.

సాధన చేసే వరస కూడా తెలిసిపోతే భయం ఉండదు. మొదట గోడ పక్కన, చెప్పుల్లేకుండా, ఒంటికాలి మీద అరనిమిషం. అది కదలకుండా చేయగలిగితే కళ్లు మూసుకుని. తర్వాత మెత్తటి దిండు మీద. తర్వాత దిండు మీద నిలబడి బంతి పట్టుకోవడం. ఆ తర్వాత ఒంటికాలితో నిలబడి రెండో కాలిని ముందుకు, వెనక ఇరుపక్కలకు వీలైనంత దూరం చాచడం. చివరికి గెంతడం, గెంతి కదలకుండా ఆగడం. వీటితోపాటు మునివేళ్ల మీదికి లేచి దిగడం, రబ్బరు బ్యాండు పాదానికి తగిలించి బయటికి లాగడం. నొప్పి లేనంతవరకే ముందుకెళ్లాలి. పెద్దవయసువాళ్లు, షుగరుతో అరికాలి స్పర్శ తగ్గినవాళ్లు చేతికందేలా కుర్చీనో గోడనో ఉంచుకోకుండా కళ్లు మూసే దశకు పోకూడదు. వాళ్లకు చీలమండ కన్నా తుంటి ఎముక విరగడం పెద్ద ముప్పు.

మన దగ్గర జరిగేది చాలాసార్లు వేరేగా ఉంటుంది. మంచం మీద పడుకోబెట్టి, జెల్ రాసి, అల్ట్రాసౌండ్ మిషను పది నిమిషాలు తిప్పి పంపిస్తారు. వేడిగా, హాయిగా ఉంటుంది, డబ్బుకు తగ్గ వైద్యం అందిందనిపిస్తుంది. బెణుకు మీద అల్ట్రాసౌండ్ పరీక్షలన్నిటినీ సమీక్షించిన కోక్రేన్ బృందానికి మాత్రం దానివల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. మిషను కింద పడుకున్న కాలు ఏమీ నేర్చుకోదు కదా. మిమ్మల్ని లేపి నిలబెట్టి, చెమటలు పట్టించి, ఇంటికి వ్యాయామాలు రాసిచ్చే ఫిజియోథెరపిస్టు దొరికితే వదులుకోకండి.

ఐసు మీద మాట మార్చిన డాక్టరు

విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. ఈ నాలుగింటినీ కలిపి 1978లో రైస్ అనే పొట్టిపేరు చేసినవాడు అమెరికా క్రీడా వైద్యుడు గేబ్ మిర్కిన్. ప్రపంచమంతా దాన్ని కంఠస్థం చేసింది. 2014లో ఆయనే, పూర్తి విశ్రాంతీ ఐసూ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశాడు. మొదటి గంటల్లో నొప్పి తగ్గడానికి ఐసు పనికొస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దని ఇప్పటి ధోరణి. 2019 నుంచి చాలామంది చెబుతున్న పద్ధతిలో ఐసు ఊసే లేదు. మొదటి రెండు మూడు రోజులు కాపాడుకోవడం, ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత బరువు మోపుతూ నడక, వ్యాయామం. అంతే.

కర్పూరం వేసి కాచిన నూనెతో గట్టిగా రుద్దడం, పుత్తూరు కట్టు తరహా బిగుతు కట్టుతో నెలల తరబడి కూర్చోబెట్టడం మనకు అలవాటు. మొదటి మూడు రోజులు రుద్దడం, సెగ పెట్టడం రెండూ వాపును పెంచుతాయి. ఇక కట్టు సంగతి.

తీవ్రమైన బెణుకు తగిలిన 584 మందిని బ్రిటన్‌లో నాలుగు రకాల ఆసరాలతో పోల్చారు. ఫలితాలు 2009లో లాన్సెట్‌లో వచ్చాయి. మన మందుల షాపుల్లో ఇచ్చే సాగే గుడ్డ కట్టు లాంటిదే అన్నిటికన్నా వెనకబడింది. మోకాలి కింది నుంచి పది రోజులు మాత్రమే వేసిన కాస్టు మూడు నెలలకు మెరుగైన ఫలితం చూపింది. పది రోజులన్న మాట మరిచిపోకూడదు, అది నెలల తరబడి కాదు.

ఎక్స్‌రే ఎప్పుడు?

బెణికిన కాలితో వచ్చినవాళ్లలో ఎముక విరిగినవాళ్లు 15 శాతం లోపే. అందరికీ ఎక్స్‌రే తీయడం దండగని కెనడాలో ఇయాన్ స్టీల్ బృందం 1992లో కొన్ని సూత్రాలు ప్రకటించింది. ఆటవా సూత్రాలని పేరు. చీలమండ దగ్గర నొప్పి ఉండి, అక్కడి రెండు ఉబ్బెత్తు ఎముకల్లో దేనికైనా వెనక అంచున గానీ కొసన గానీ వేలితో నొక్కితే నొప్పి పుడితే ఎక్స్‌రే కావాలి. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ ఆసుపత్రిలో కూడా నాలుగు అడుగులు వేయలేకపోతే కావాలి. పాదం మధ్యలో నొప్పికి, చిటికెన వేలి వరసలో ఎముక మొదట్లో నొప్పికి కూడా ఇలాంటి సూత్రాలే ఉన్నాయి. వీటిలో ఏదీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

లిగమెంటు ఎంత చినిగిందో చేత్తో పట్టి చూసే పరీక్షకు మాత్రం మొదటి రోజు పనికిరాదు. వాపు, నొప్పి వల్ల కాలు బిగుసుకుని ఉంటుంది. నాలుగైదు రోజుల తర్వాత చూస్తే నిజం బయటపడుతుంది. కాబట్టి డాక్టరు మళ్లీ రమ్మంటే ఫీజు కోసమే అనుకోవద్దు.

చీలమండ జబ్బు, తుంటి మందు

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ కుడి చీలమండకు 2011లో, మళ్లీ 2012లో ఆపరేషన్లు జరిగాయి. గట్టి కాళ్లుంటే గొప్పవాడయ్యేవాడే అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. తర్వాత జట్టు ట్రైనర్లు చీలమండను వదిలేయకుండానే తుంటి కండరాల బలం మీద ఎక్కువ దృష్టి పెట్టారు. నేలను తాకే పాదం ఏ కోణంలో దిగాలో తేల్చేది తుంటి. అక్కడ బలం లేకపోతే ఆ భారం చీలమండ మీద పడుతుంది. చీలమండ అస్థిరత ఉన్నవాళ్లలో తుంటి కండరాలు బలహీనపడటం, ఆలస్యంగా మేల్కోవడం పరిశోధనల్లో కనిపించింది. కర్రీ 2015, 2016లలో వరసగా లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

కబడ్డీలో రైడరు కాలిని చీలమండ దగ్గర పట్టేయడం డిఫెండరుకు పేరున్న పట్టు. పాదం ఒకచోట బిగిసి, ఒళ్లు మాత్రం గీత వైపు దూకుతుంది. మెలిక పడేది ఆ మధ్యలో ఉన్న కీలే. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తాళం వేసే నర్తకి కాళ్లు చూస్తే, ఊగే పలక సాధన మన వేదికల మీదికి ఎప్పుడో వచ్చేసిందనిపిస్తుంది. బెణికిన కాలితో పళ్లెం ఎక్కమని కాదు సుమా.

గోడకెదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకి చూడండి. పాదాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ పోతే ఒకచోట తాకలేరు. ఆ దూరం రెండు కాళ్లకూ పోల్చి చూసుకోవచ్చు. బెణికిన కాలికి తక్కువ వస్తే టేలస్ పూర్తిగా బిగుసుకునే స్థితికి రావడం లేదని అర్థం. గొంతుకూర్చోవడం, పీట మీంచి లేవడం ఇబ్బందయ్యేది అందుకే. పిక్క సాగదీయడం, ఫిజియోథెరపిస్టు చేత్తో కీలును వెనక్కి జరిపే పద్ధతి దీనికి బాగా పనిచేస్తాయి.

బ్రేసు వేసుకుంటే కండరం సోమరిపోతు అవుతుందని ఒక భయం ఉంది. దానికి గట్టి ఆధారం లేదు. ఒకసారి బెణికినవాళ్లు ఆటలో బ్రేసు వేసుకుంటే మళ్లీ బెణకడం తగ్గుతుందని మాత్రం పదేపదే రుజువైంది. టేపు చుట్టుకుంటే ఆట మొదలైన కాసేపటికే చాలావరకు వదులైపోతుంది. అయినా ఉత్త కాలికన్నా నయమే.

చీలమండ దగ్గరి ప్రతి నొప్పీ లిగమెంటుది కాదు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు ఎడమకాలికి కట్టుతోనే ఆడి స్వర్ణం గెలిచింది. తర్వాత తేలింది స్ట్రెస్ ఫ్రాక్చరని, అంటే ఎముకలో వెంట్రుకవాసి పగులు. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమైంది, మళ్లీ కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. ఇలాంటి పగులుకు బ్యాలన్సు సాధన మందు కాదు, ముందు విశ్రాంతే కావాలి. చీలమండకు పైన, రెండు కాలి ఎముకల్ని కలిపే లిగమెంటు చినిగినా అంతే, అది మామూలు బెణుకుకన్నా చాలా ఎక్కువ కాలం తీసుకుంటుంది.

మోకాలి అరుగుదల ఎక్కువగా వయసుతో వస్తుంది. చీలమండ అరుగుదల అలా కాదు, అత్యధిక కేసుల్లో పాత దెబ్బలే దానికి కారణం. పాతికేళ్లప్పుడు తరచూ తప్పే కాలిని పట్టించుకోనివాళ్లు నడివయసులో ఆ బాకీ కట్టాల్సి రావచ్చు.

నెలల తరబడి శ్రద్ధగా వ్యాయామం చేసినా కాలు తప్పుతూనే ఉంటే అప్పుడు ఆపరేషను మాట. స్వీడన్ సర్జన్ లెన్నార్ట్ బ్రోస్ట్రోమ్ 1966లో వివరించిన పద్ధతే, 1980లో చిన్న సవరణతో, నేటికీ మొదటి ఎంపిక. చినిగి వదులైన లిగమెంటునే బిగించి మళ్లీ ఎముకకు కుట్టేస్తారు. ఆటకు తిరిగి రావడానికి మూణ్ణాలుగు నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఫిజియోథెరపిస్టు చేయించేది ముందు చెప్పిన సాధనే, గోడ పక్కన ఒంటికాలి మీద అరనిమిషంతో మొదలుపెట్టి.